పైచేతి గాజులు

"సార్, గంట లోపల ఆ గాజులు కొయ్యకుంటే చెయ్యి దక్కది" అని చెప్పి డాక్టరు పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మంచం మీద నా భార్య తారి గోడవైపు తిరిగి పడుకుంది, నూట మూడు జ్వరంతో, కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని. మోచేతికి పైన మూడు కొమ్ము గాజులు, వాటికి అటూ ఇటూ పొంగిన కండ, ఎర్రగా, నున్నగా, ముట్టుకుంటే కాలేట్టుగా. వేళ్ళ చివర్లు నీలం తిరుగుతున్నాయి. సెలైన్ ఎడమచేతికి ఎక్కుతోంది. కొయ్యడానికి సన్న రంపం కావాలి, మానుకోట బజారు మొత్తం బంద్. సకల జనుల సమ్మెకు ఇది ఇరవై తొమ్మిదో రోజు. ఇవాళ ఒక్క షట్టరు కూడా లేవకూడదని నిన్న ఫోన్లు చేసి చెప్పిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి, తెలుగు పండితుణ్ణి, బలరాం సారుని. మమ్మల్ని నెల్లికుదురు పక్క తండా నుంచి ఆటోలో తెచ్చిన దేవ్యా, నగలు చేసే అవుసుల సదానందాన్ని ఇంటి దగ్గర పట్టుకొస్తానని పోయాడు. మధ్యాహ్నం రైలుకు పట్నం పోవాలి, ఆపరేషన్ చేసిన దవాఖానకు. అక్కడ చూపించకపోతే రక్తంలో విషం ఎక్కుతుందట. గాజులు తియ్యకుండా రైలెక్కితే చెయ్యి దారిలోనే పోతుందట. అన్నీ 'అట'లే. ఎవరి మీద అరవాలో తెలియక మంచం కింద ఉన్న ప్లాస్టిక్ బకెట్టును కాలితో తన్నాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు. బకెట్టు దొర్లి గోడకు తగిలి ఆగింది, తారి తిరిగి చూడలేదు.

కాగితం ఇచ్చారు కదా. మే నెలలో కుడి రొమ్ము తీసేసి, చంకలో గడ్డలు తీసేసి, పంపించేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. ఆ చేతికి సూది వద్దు, బీపీ చూడొద్దు, బరువు మొయ్యొద్దు, కాల్చుకోవద్దు, కోసుకోవద్దు, బిగుతుగా ఏదీ తొడగొద్దు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకు అంటించాను. తారికి చదువు రాదు. కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం మా లంబాడీల మాట, గోర్ బోలిలో చెప్పి, మళ్ళీ చెప్పించుకున్నాను, ఆరో తరగతి పిల్లలకు పద్యం అప్పజెప్పించుకున్నట్టు. అన్నీ అప్పజెప్పింది. ఒక్కటి తప్పు పోలేదు. మరి నాలుగు రోజుల కింద ఏమొచ్చింది ఈమెకు? గాజులు ఎక్కించుకుని, మీద పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, వాన తగ్గి ఉక్కపోస్తుంటే చలి చలి అంటూ దుప్పటి కప్పుకుని నా ముందే తిరిగింది. ఇవాళ పొద్దున చాయ్ గిలాస చేతిలోంచి జారిపోతే అప్పుడు చూశాను. గాజు ఒరుసుకుని తోలు లేచిపోయింది, చీము పట్టింది. అయిదో కీమో ఎక్కి పదకొండు రోజులు. ఈ రోజుల్లో ఒంట్లో తెల్లకణాలు అడుగంటి ఉంటాయని, చిన్న గీత పడినా ప్రమాదమని ఎన్నిసార్లు చెప్పాను. ఇంకొక్కటే మిగిలింది. ఆరింట్లో అయిదు అయిపోయి ఒక్కటి మిగిలింది. ఏరంతా ఈది ఒడ్డున మునగడమంటే ఇదే.

ఆ గాజులంటే నాకు మొదటి నుంచీ పడదు, ఇప్పుడు దాచేదేముంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో అద్దాల లంగా, కుట్టుపూల రవిక మానేసి చీర కట్టమన్నాను. నాలుగు రోజులు ఏడ్చి కట్టింది. చెంపల పక్కన జుట్టుకు కట్టుకునే వెండి ఘుగ్రీలు, పైచేతి గాజులు మాత్రం నీ నౌకరీ పోయినా తియ్యను అంది. అవి మొగుడు బతికి ఉన్నాడనే గుర్తు. వాడు పోయిన రోజే వాటిని తీస్తారు. ములుగు ఘనపూర్ దగ్గరి తండాలో వాళ్ళమ్మ పెళ్ళికని దాచి ఇచ్చింది, ఇప్పుడు దొరికే ప్లాస్టిక్‌వి కాదు, కొమ్మువి. స్టాఫ్ పిక్నిక్‌కు తీసుకుపోతే టీచరమ్మలు ఆ చేతిని వింతగా చూసేవాళ్ళు. నేను కండువా కప్పుకో అనేవాణ్ణి. ట్రైనింగులో నా మాట యాసకు నవ్విన వాళ్ళ మీద ఇరవై ఏళ్ళుగా కోపం దాచుకున్న మనిషిని, నా పెళ్ళాం చేతిని నేనే కప్పించాను. ఆపరేషన్ పొద్దున నర్సు అవి తియ్యాలంటే తారి తనే సబ్బు రాసుకుని, పళ్ళు బిగించి, ఒక్కొక్కటి మోచెయ్యి దాటించింది. గుడ్డలో కట్టి నా చేతికిచ్చింది. నేను ఏడవాల్సిన సమయం అది. నా మనసులో ఒక మూల, వెధవ మనసు, పోనీలే ఇట్లాగైనా పోయాయి అనుకుంది. ఆ మనసును చెప్పుతో కొట్టాలి.

తరువాత జుట్టు పోయింది. రెండో కీమోకే దువ్వెన నిండా వచ్చేసింది. ఘుగ్రీలు కట్టుకోవడానికి ఒక పాయ కూడా మిగల్లేదు. శ్రావణంలో తీజ్ పండక్కి తండా ఆడవాళ్ళంతా మొలకల బుట్టల చుట్టూ పాడుతుంటే ఈమె అరుగు మీద కూర్చుని చూసింది, తలకు తువ్వాలు చుట్టుకుని, ఒట్టి చేతులతో. సోని యాడి వచ్చింది అప్పుడే. యాడి అంటే అమ్మ, తండాలో అందరికీ అమ్మే, ఎవరికీ అక్కరలేని మాట అనడంలో అందరికన్నా పెద్దదే. "జుట్టుకు లేవు, చేతికి లేవు. మా బలరాం బతికే ఉన్నడు గద?" అంది, నవ్వుకుంటూనే. నేను అక్కడే ఉన్నాను. పండగ పూట పెద్దామెను ఏమంటాం అని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. ఆ మాటే రెండు నెలలు లోపల దాచుకుని, ఇప్పుడిట్లా చేతిమీదకు తెచ్చుకుంది తారి, ఇంకేముంటుంది. తిరిగి పోగానే సోని ఇంటి ముందు నిలబడి తండా అంతా వినేట్టు కడిగేస్తాను. రోగం ఒకరిది, మాటలు ఊరంతటివీ. బొప్పాయి ఆకు రసం తాగించమన్నదొకరు. కీమో ఆపి చెట్లమందు వాడమన్నదొకరు. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే తారి తమ్ముడు ఫోన్ చేసి, బావా దైవదర్శనం చేయించినవా అంటాడు. చేయించానురా, ప్రతి ఇరవై ఒక్క రోజులకూ చేయిస్తున్నాను, టోకెను తీసుకుని, కారిడార్‌లో కింద కూర్చోబెట్టి.

ఎన్నిసార్లు వెనక్కి పడ్డాం. ఒక మెట్టెక్కితే రెండు జారడమే. ఆపరేషన్ అయింది, హమ్మయ్య అనుకుంటే పక్కన పెట్టిన గొట్టం దగ్గర చీము పట్టింది, కీమో జులైకి జరిగింది. కీమో మొదలైంది, హమ్మయ్య అనుకుంటే నోరంతా పుండ్లు, ఉప్పులేని గంజి కూడా మింగలేక కళ్ళలో నీళ్ళు. మూడోసారి రక్తం తక్కువుందని వెనక్కి పంపారు. రైలు జనగామ దాటకముందే వాంతులు మొదలయ్యేవి, నేను సంచి పట్టుకునేవాణ్ణి, ఎదుటి సీటువాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకాయన, పంతుల్లాంటివాడు, అంటురోగమా అని అడిగాడు. అంటురోగమే, అడిగినవాళ్ళకు అంటుకుంటుంది అన్నాను. తారి ఆ వాంతుల మధ్యే నవ్వింది. ఆ నవ్వు కోసం అయితే నేను ఇంకో ఇద్దరితో తగువు పెట్టుకునేవాణ్ణి. కానీ రోజూ నవ్వదుగా. ఇంట్లో మాత్రలు నేనే, గంజి నేనే, గిన్నెలు నేనే, పుండు కడగడం నేనే, బడికి పోయి సంధులు సమాసాలు నేనే. మేడం ఎట్లున్నరు సార్ అని అడిగితే బాగుంది అని చెప్పి చెప్పి ఆ మాట మీదే అసహ్యం పుట్టింది. నువ్వెట్లున్నవు సారూ అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

అప్పుడొచ్చింది సమ్మె. అందరూ నష్టం అన్నారు. నాకు గాలి పీల్చుకున్నట్టయింది. బడి లేదు. పొద్దున ఆమెకు అన్నీ అందించి, పదింటికల్లా నెల్లికుదురు సెంటర్లో టెంటు కింద కూర్చునేవాణ్ణి. అక్కడ నా కోపానికి మర్యాద ఉంది. అరిస్తే చప్పట్లు కొట్టారు, పళ్ళు కొరికితే నిజమే సారూ అన్నారు. ఇంట్లో ఎవరి మీద అరవాలి, కణం మీదనా? ఇక్కడ అరవడానికి ఢిల్లీ ఉంది, హైదరాబాదులో కూర్చున్న వాళ్ళున్నారు, అరవై ఏళ్ళ లెక్క ఉంది. ఆ లెక్క అబద్ధం కాదు, మా నీళ్ళు, మా కొలువులు, నా మాటకు పడ్డ వెక్కిరింత, ఏదీ అబద్ధం కాదు. కానీ నేను అరిచినప్పుడు అందులో సగం దేని గురించి అరిచానో నాకొక్కడికే తెలుసు.

కల్పన సిస్టరు వచ్చింది. మెడలో చిన్న సిలువ, చేతిలో సబ్బునీళ్ళ గిన్నె, పట్టుదారం ఉండ. "అక్కా, జర ఓర్చుకో" అంటూ ఆ చేతికి దారం చుట్టి, సబ్బు పూసి, గాజు కిందికి జరపాలని చూసింది. గాజు వెంట్రుకవాసి కదల్లేదు. మంచం ఇనుప పట్టీ మీద తారి ఎడమచేతి గోళ్ళు గీరుకున్నాయి. రెండోసారికి తోలు లేచిన చోట నెత్తురు వచ్చింది. కల్పన ఆగిపోయి నావైపు చూసింది. "ఇట్లైతే రావు సార్. కొయ్యాలె. గనీ అక్క కొయ్యనియ్య అంటున్నది. ఇందాకటి సంది అదే మాట." కొయ్యనియ్యదా? తెచ్చింది చాలక కొయ్యనివ్వదా? నా తలలో ఏదో తెగింది. పది మంచాల వార్డులో అందరూ మమ్మల్నే చూస్తుండగా, తారీ నీకు పిచ్చి పట్టిందా అని అరిచాను. ఆమె గోడవైపే చూస్తూ మా భాషలో, మెల్లగా, "నువ్వు సచ్చినంక కొయ్యమను" అంది.

అంతలోనే దేవ్యా, వెనక సదానందం. డెబ్బై దాటిన మనిషి, తోలుసంచి చంకలో పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. సంచి విప్పి వెంట్రుకంత పళ్ళున్న రంపం తీశాడు, గాజుకూ చర్మానికీ మధ్య దూర్చడానికి పలుచటి రాగిరేకు తీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వంగి చేతిని చూశాడు. గాజుల్ని చూశాడు. తారి మెడలో పుస్తెను చూశాడు, నన్ను చూశాడు. రంపం దిండు మీద పెట్టేసి వెనక్కి జరిగాడు. "సారూ, తప్పు పట్టకుండ్రి. యాభై ఏండ్లు పుస్తెలు చేసిన చెయ్యి ఇది. పెనిమిటి ఎదురుంగ నిలవడ్డంక, ముత్తైదువ చేతిగాజుకు నేను రంపం పెట్ట. రేకు నేను పట్టుకుంట, మీరు కొయ్యుండ్రి." ఇదొకటి తక్కువైంది. మూలిగే నక్క మీద తాటిపండు. ఒకరికి మొగుడు చచ్చాక కొయ్యాలి, ఒకరికి మొగుడే కొయ్యాలి. మధ్యలో చెయ్యి చచ్చిపోతోంది, అది ఎవరికీ పట్టదు. డాక్టరు చెప్పిన గంటలో ఇరవై నిమిషాలు మిగిలాయి.

నేను మంచం మీద కూర్చుని ఆమె భుజం పట్టి నావైపు తిప్పాను. కొంచెం గట్టిగానే తిప్పాను. "ఎవలు ఏసుకొమ్మన్నరే నిన్ను? సోని యాడి అన్నదానికా? ఆ ముసలిదాని మాటకా నీ చెయ్యి తీసుకుంటున్నవు?"

"సోని యాడి కాదు" అంది. పెదవులు ఎండిపోయి మాట చీలి వచ్చింది. "నువ్వే."

"నేనా?"

"దసర తెల్లారి. నన్ను తోలుకపోయినవు గద, తొవ్వ మీద అన్నం వండినకాడికి. కుర్చిల కూసోబెట్టినవు. నువ్వు మైకు పట్టుకోని ఏమన్నవు?"

ఏమన్నాను. ఏమనలేదు ఆ రోజు. సమ్మె వంటావార్పు అది, రోడ్డు మీద వరసగా పొయ్యిలు, డేగిసాల్లో అన్నం, గాలి బాగుంటుందని, పది మంది మొహాలు చూస్తుందని నేనే ఆమెను తీసుకుపోయి నీడలో కూర్చోబెట్టాను. మైకు చేతికొచ్చింది. టెంటు వెనక నేనే దండలు వేసి కట్టించిన పిల్లల ఫొటోలు, రాష్ట్రం రాదేమోనని ప్రాణాలు తీసుకున్న పిల్లలు, నా శిష్యుల వయసు వాళ్ళు. తెలంగాణ రాకపోతే గిదే తొవ్వ మీద నా పాణం ఇడుస్త అని అరిచాను. జనం లేచి నిలబడ్డారు. అందరూ అనేదే కదా, ఆ మైకులో ఆ మాట అననివాడెవడు? ఇంటికి పోయాక అన్నం తింటుంటే ఆమె అడిగింది, నిజంగనే అన్నవా అని. నేను ఫోన్లో మర్నాటి కార్యక్రమం చూసుకుంటూ, తల ఎత్తకుండా, మరి ఉత్తగ అంటరా అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. పెట్టె మూత చప్పుడైంది. నేను ఫోన్లోనే ఉన్నాను.

"అది అందరు అనేదే తారీ. ఉపన్యాసం. నిజంగ సస్తరా ఎవలన్న?"

"ఫొటోలల్ల ఉన్నోళ్ళు?" అంది. "నువ్వు సారువి. పిల్లగాండ్లకు అబద్ధం ఆడొద్దని చెప్పెటోనివి. నువ్వు అన్నవంటే అన్నట్టే గద." ఆగి ఊపిరి తీసుకుంది. "మాట గూడ కాదు. ఆ మాట అన్నప్పుడు నీ మొకం చూసిన. ఆర్నెల్లల నేను చూడని మొకం. నెత్తి మీది బరువు దించినోని మొకం."

నేను ఆమె భుజం వదిలేశాను. కల్పనా సదానందమూ అర్థం కాక నిలబడ్డారు, మేం మాట్లాడేది మా భాష కదా. నాకు మాత్రం ఒక్కో మాటా అర్థమైంది, అర్థం కాకపోతే బాగుండేది. నిజం. ఆ ఒక్క క్షణం నిజంగా దిగిపోయింది బరువు. ఈ మాత్రలూ, ఈ రిపోర్టులూ, మళ్ళీ మొలకెత్తుతుందేమోనని రోజూ తడిమి చూసుకునే భయమూ, ఏదీ లేకుండా ఒక్కసారిగా, గౌరవంగా, దండ వేయించుకుని తప్పించుకునే దారి ఒకటి కనపడింది. కనపడి హాయిగా అనిపించింది. జనం చప్పట్లు కొట్టింది దానికే. వేలమంది కనిపెట్టలేదు, కుర్చీలో తువ్వాలు చుట్టుకుని కూర్చున్న చదువురాని మనిషి కనిపెట్టింది. సోని యాడిని కడిగేస్తానన్నాను. ఎవర్ని కడగాలి ఇప్పుడు? నన్ను ఆపడానికి ఆమె దగ్గర ఏముంది? జుట్టు లేదు, బలం లేదు, నాతో వాదించే చదువు లేదు. మొగుణ్ణి బతికించే గాజులని వాళ్ళమ్మ ఇచ్చిన మూడు ముక్కలున్నాయి. తీసిన చేతికే తొడగాలని, వాటిని ఆ కుడిచేతికే ఎక్కించుకుంది. గోడ మీది కాగితం అంతా కంఠతా వచ్చి, ఏమవుతుందో తెలిసి, ఎక్కించుకుంది.

"ఏం జెయ్యమంటవు?" అన్నాను. కోపం ఎటు పోయిందో కాని గొంతు మాత్రం ఇంకా కోపంగానే ఉంది.

"సావనని చెప్పు. మైకుల చెప్పినట్టు తెలుగుల కాదు, మన మాటల చెప్పు."

తెలుగులో నేను ఎంతైనా చెప్పగలను. నాకు జీతం ఇచ్చేది అందుకే. గోర్ బోలిలో ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఆ భాషలో ఆకలవుతోందన్నాను, నొప్పిగా ఉందన్నాను, అమ్మ పోయినప్పుడు అమ్మా అన్నాను. తారి ఎడమచెయ్యి సెలైన్ సూదితోనే చాచింది. ఆ చెయ్యి పట్టుకుని చెప్పాను. చావను. రాష్ట్రం కోసం సమ్మె చేస్తాను, జైలుకు పోతాను, జీతం పోయినా సరే, చావను. నీ జబ్బుకు విసిగి యాష్టకొచ్చి అసలే చావను. నువ్వు కూడా చావడానికి లేదు, ఒక్కటే మిగిలింది, ఎక్కించుకుని తీరాలి. మంచి మాటలేమీ రాలేదు, తిట్టినట్టే చెప్పాను. ఆపి, అదీ చెప్పేశాను, లేకపోతే అంతకుముందు చెప్పిందంతా మైకు మాటే అవుతుంది. "బరువు దించుకోవాలనిపించింది నిజమే."

"ఎర్కనే" అంది. "గందుకే ఏసుకున్న."

కుడిచెయ్యి మెల్లగా జరిపి నా తొడ మీద పెట్టింది. ఎంత వేడి, ఎంత బరువు. కల్పన మోచెయ్యి పట్టుకుంది. సదానందం రాగిరేకును గాజు కిందికి పోనిచ్చాడు, తారి కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. రంపం తీసుకున్నాను. చాక్‌పీసు పట్టే చెయ్యి, రెండుసార్లు జారింది. "ముందుకే ఒత్తుండ్రి సారూ, ఎనుకకు గుంజకుండ్రి" అన్నాడు ముసలాయన. కొమ్ము కాలిన వాసన వచ్చింది, తెల్లపొడి ఆమె నల్లటి చేతి మీద రాలింది. ఎంతసేపు కోశానో తెలియదు. టక్కుమని గాజు రెండుగా విడిపోయి ఒక ముక్క కిందపడింది. అది ఉన్నచోట చర్మంలో లోతుగా తెల్లటి చార, చూస్తుండగానే అందులోకి నెత్తురు తిరిగింది. నేను తల ఎత్తలేకపోయాను. తారి వంగి నా మొహంలోకి చూసింది.

"ఏడ్వకు, చెయ్యి వణుకుతది" అంది. "ఇంక రెండున్నయి."